హల్లులను నమ్ముకున్నవారి ఇంగ్లిష్

కొత్తగా ఇంగ్లిష్ నేర్చుకుంటున్న అరబ్బు విద్యార్థి నోటుపుస్తకం తెరిస్తే తరచూ మూడు వరుసలు కనిపిస్తాయి. ఒక చివర ఇంగ్లిష్ మాట, మరో చివర దాని అరబీ అర్థం, నడుమ అరబీ లిపిలో రాసుకున్న ఉచ్చారణ. చిక్కంతా ఆ నడిమి వరుసలోనే ఉంది. పేపర్ అనే మాట అక్కడ బా, యా, బా, రా అనే నాలుగు అక్షరాలవుతుంది. నాలుగు పేజీలు తిప్పాక పెప్పర్ వస్తుంది. అదీ బా, యా, బా, రాయే. డాక్టర్ పెప్పర్ అనే కూల్‌డ్రింకు డబ్బా మీద అరబ్బు దేశాల్లో కనిపించేవి కూడా ఆ అక్షరాలే. మూడు నెలల తరువాత ఆ పుస్తకం తిరగేస్తే కాగితమేదో మిరియమేదో నడిమి వరుస చూసి చెప్పడం కుదరదు.

తెలుగు పిల్లలూ ఇదే పని చేస్తారు. పాఠంలో ఇంగ్లిష్ మాట మీద పెన్సిలుతో తెలుగులో రాసుకుంటారు, మాస్టారి చేత తిట్లు తింటారు. అయినా వాళ్ల పుస్తకంలో పేపర్ పేపర్‌గానే, పెప్పర్ పెప్పర్‌గానే ఉంటాయి. ఏత్వం, ఎత్వం, ఒత్తు ఆ తేడాను కాపలా కాస్తాయి. గుణింతం దిద్దిన చేతికి అచ్చును వదిలేయడం చేతకాదు. అరబీ రాసే చేతికి అచ్చును వదిలేయడమే అలవాటు.

అరబ్బుల ఇంగ్లిష్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ప, బ గొడవ. అరబీలో ప లేదు. అందుకే పెప్సీ బెబ్సీ అవుతుంది, పాకిస్తాన్ బాకిస్తాన్ అవుతుంది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లి పనిచేసినవారికి ఈ బకారం కొత్త కాదు. రెండు హల్లులు కలిసి వచ్చినా ఇబ్బందే. భాషాశాస్త్రవేత్త ఎలెన్ బ్రోసెలో చూపించినట్టు, ఫ్లోర్ అనే మాటను ఈజిప్టువారు ఫిలోర్ అంటే ఇరాకువారు ఇఫ్లోర్ అంటారు. ఒకరు హల్లుల మధ్య అచ్చు దూరుస్తారు, మరొకరు ముందు తగిలిస్తారు. స్కూలును ఇస్కూలు చేసిన మన పెద్దలు ఈ లెక్కన ఇరాకు పక్షం. ఇవి నవ్వుకోవడానికి బాగుంటాయి కానీ వీటి వల్ల జరిగే నష్టం తక్కువ. బార్కింగ్ అన్నా కారు ఎక్కడ ఆపాలో ఎదుటివారికి తెలుస్తూనే ఉంటుంది. అసలు నష్టం చెవికి వినిపించని చోట, మాటను మనసులో దాచుకునే పద్ధతిలో ఉంది.

అరబీలో మాటకు ఎముకలు హల్లులే, సాధారణంగా మూడు. క-త-బ అనే మూడూ కలిస్తే రాతకు సంబంధించిన సంగతి. వాటి మధ్య అచ్చులు మార్చి, ముందో వెనకో ఒక అక్షరం చేరిస్తే ఇల్లు నిండేంత చుట్టరికం తయారవుతుంది. కతబ అంటే రాశాడు. కుతిబ అంటే రాయబడింది. కితాబ్ పుస్తకం, కుతుబ్ పుస్తకాలు, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాసి ఉన్నది, మక్తబ్ ఆఫీసు, మక్తబా గ్రంథాలయం. (తెలుగులో ఎవరికైనా 'కితాబు ఇవ్వడం' అంటే ఈ పుస్తకం ఇవ్వడం కాదు. అది ఖితాబ్ అనే వేరే మాట, అంటే బిరుదు.) అర్థం హల్లుల్లో ఉంటుంది, వ్యాకరణం అచ్చుల్లో ఉంటుంది. కొత్త మాట ఎదురైనా హల్లులు పట్టుకుంటే అది ఏ ఇంటిదో సగం తెలిసిపోతుంది.

ఈ ఏర్పాటు తెలుగువారికి తెలియకుండానే మన ఇళ్లలోకి వచ్చి కూర్చుంది. ప్రభుత్వం చట్టాన్ని 'అమలు' చేస్తుంది. ఆఫీసులో పని కావాలంటే 'మామూలు' ఇవ్వాలంటారు. ఈ రెండూ తోబుట్టువులు. పని చేయడాన్ని సూచించే ఒకే ధాతువు నుంచి పుట్టాయి. అమల్ అంటే పని, మఅమూల్ అంటే చేస్తూ వస్తున్నది, అంటే ఆనవాయితీ. లంచానికి అంతకంటే మర్యాదైన పేరు దొరకదు. 'తాలూకా', 'ఇలాకా' కూడా ఒక ధాతువు పిల్లలే. 'ఖాయం', 'ముకాం' మరో ధాతువువి. నవాబుల కాలపు రెవెన్యూ కచేరీల గుండా, పారశీకం, ఉర్దూల గుండా వచ్చేసరికి మనకు వాటి చుట్టరికం కనబడదు. అరబీ మాట్లాడేవారికి అది చూడగానే కనబడుతుంది, ఎందుకంటే వారు చూసేది హల్లులనే.

చూడటమంటే నిజంగా కంటితో చూడటమే. అరబీ లిపిలో దీర్ఘాలకు అక్షరాలున్నాయి. హ్రస్వాలైన అ, ఇ, ఉలకు అక్షరం పైనా కిందా పెట్టే చిన్న గుర్తులున్నాయి: ఫత్‌హా, కస్రా, దమ్మా. ఖుర్ఆన్‌లో, పిల్లల వాచకాల్లో, కొన్ని కవితల్లో ఇవి కనిపిస్తాయి. వార్తాపత్రికలో, ఉత్తరంలో, దుకాణం బోర్డు మీద ఉండవు. అక్కడ క, త, బ అని మూడు అక్షరాలే ఉంటాయి. అది కతబనా, కుతిబనా, కుతుబ్‌నా అన్నది వాక్యం చూసి చదివేవారే తేల్చుకోవాలి. కొన్నేళ్లు బడికి వెళ్లేసరికి పిల్లలకు ఇది అలవాటైపోతుంది. తెలుగులో ఇదే ప్రయత్నించి చూస్తే సంగతి తెలుస్తుంది. క, ల అనే రెండు హల్లులు మాత్రమే ఇచ్చి మాట చెప్పమంటే కల, కాలు, కీలు, కూలి, కేలు, కోల అన్నీ వస్తాయి. ఒకదానికీ మరొకదానికీ ఏ సంబంధమూ లేదు. ఈ విషయంలో ఇంగ్లిష్ తెలుగు వైపే ఉంది.

ఇంగ్లిష్‌లో రాసే అచ్చులు 5. పలికేవి బ్రిటిష్ లెక్కలో 20 దాకా. అరబీ గ్రాంథికంలో హ్రస్వాలు 3, దీర్ఘాలు 3, అంతే. అరబీ చదివే కన్ను ఇంగ్లిష్ పేజీ మీద పడినప్పుడు తనకు తెలిసిన పనే చేస్తుంది: హల్లుల మీద ఆగుతుంది, అచ్చుల మీదుగా దాటిపోతుంది. దీన్ని ఆన్ ర్యాన్, పాల్ మియారా అనే పరిశోధకులు 1991లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పట్టుకున్నారు. డిపార్ట్‌మెంట్ వంటి పదేసి అక్షరాల మాటలను తెర మీద కొద్దిసేపు చూపించి, తీసేసి, మళ్లీ చూపించారు. రెండోసారి కొన్ని మాటల్లో ఒక అచ్చు మాయమై ఉంటుంది. మాట మారిందా లేదా చెప్పాలి. ఇతర భాషల నుంచి వచ్చిన ఇంగ్లిష్ విద్యార్థుల కంటే అరబీ విద్యార్థులు ఎక్కువ తడబడ్డారు, ఎక్కువ సమయమూ తీసుకున్నారు. వారికి ఆ మాటలు రాక కాదు. పోయినది అచ్చే కాబట్టి, ఏదో పోయినట్టే అనిపించలేదు.

పది అక్షరాల మాటలో ఒక అచ్చు జారితే పెద్ద ప్రమాదం లేదు. స్పెల్లింగ్ తప్పుతుంది, మాట మిగులుతుంది. మూడక్షరాల మాటలో అదే అచ్చు జారితే మాటే మారిపోతుంది. అందుకే ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు 'తేలిక మాటలు' అని మొదట్లో పెట్టేవన్నీ అరబీ విద్యార్థికి కష్టమైనవి. ఇంగ్లిష్‌లో అతి తరచుగా వాడే మాటలు ఎక్కువగా పాత జర్మానిక్ మూలానివి, పొట్టివి, అచ్చు తేడాతో మాత్రమే బతికేవి. షిప్, షాప్, షీప్, షేప్. లైక్, లేక్, లీక్, లుక్, లాక్. నేర్చుకునేవారి మనసులో ఇవి ఐదు మాటలుగా కాక, ల-క అనే ఒక మాటకు ఐదు వేషాలుగా దిగుతాయి. పొట్టి మాటల నుంచి పెద్ద మాటలకు వెళ్లే సిలబస్ వీరి దగ్గర తలకిందులుగా పనిచేస్తుంది.

రెండో దెబ్బ చుట్టరికాలు తెగిపోవడం. కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తబా అని ఒక్క ఊపిరిలో నేర్చుకున్న మనిషికి బుక్, రైటర్, ఆఫీస్, లైబ్రరీ అని నాలుగు అనాథలను అప్పగిస్తుంది ఇంగ్లిష్. బుక్, రైట్ పాత ఇంగ్లిష్ సొత్తు. ఆఫీస్, లైబ్రరీ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చాయి. నిఘంటువులో కూడా ఓదార్పు దొరకదు. సంప్రదాయ అరబీ నిఘంటువులో మాటలు ధాతువు కింద కూర్చుంటాయి. మక్తబాను 'మ' కింద కాదు, 'క-త-బ' కింద వెతకాలి. ఇంగ్లిష్ నిఘంటువులో ఏబుల్ ఒక చివర, డిసేబుల్ ఇంకో చోట, ఎనేబుల్ మరో చోట, అనేబుల్ చివరాఖరున. బేరూతులో 1967లో వెలువడిన మునీర్ బఅల్‌బక్కీ ఇంగ్లిష్-అరబీ నిఘంటువు అల్ మవ్రిద్ రెండు మూడు తరాలకు చేతికర్ర. అర్థం చెప్పడంలో దానికి వంక పెట్టలేము కానీ, ఇంగ్లిష్ అక్షర క్రమాన్నే అనుసరించాలి కాబట్టి ఆ తెగిన బంధుత్వాలను అతికించడం దాని చేతిలో లేదు.

అయితే ఇంగ్లిష్‌లోనూ ధాతువులు ఉన్నాయి. అవి ఉన్నది కింది అంతస్తులో కాదు, పై అంతస్తులో, లాటిన్ నుంచి వచ్చిన పెద్ద మాటల్లో. లాటిన్‌లో రాయడాన్ని స్క్రీబెరె అంటారు. స్క్రిప్ట్ రాత. డిస్క్రైబ్ అంటే రాసి చూపడం. ప్రిస్క్రిప్షన్ ముందుగా రాసి ఇచ్చేది. సబ్‌స్క్రైబ్ అంటే కింద సంతకం చేయడం, అంటే చందాదారుగా పేరు రాయించుకోవడం. ఇప్పుడు క-త-బ వైపు చూస్తే, కంపెనీ వాటాలకు దరఖాస్తు పెట్టడాన్ని అరబీలో ఇక్తితాబ్ అంటారు. ఇంగ్లిష్‌లో అదే పనికి మాట సబ్‌స్క్రిప్షన్. రెండు భాషలూ రాయడం నుంచి వాటాల దాకా ఒకే దారిలో నడిచాయి. చూపు సంగతీ అంతే. న-జ-ర ధాతువు నుంచి నజ్జారా అంటే కళ్లద్దాలు, మన్‌జూర్ అంటే దృక్కోణం, నాజిర్ అంటే పర్యవేక్షకుడు. లాటిన్ స్పెక్ నుంచి స్పెక్టకల్స్, పర్‌స్పెక్టివ్, ఇన్‌స్పెక్టర్. మన కోర్టుల్లో నాజరు అనే ఉద్యోగి ఉంటాడు. ఆయన కూడా ఈ వరుసలోవాడే.

మాటకు తొడుగులు తొడగడంలోనూ అరబీ విద్యార్థికి ఎవరూ నేర్పనక్కరలేదు. మొదట్లో 'మ' వస్తే చాలాసార్లు అది ఒక చోటు: మత్‌బఖ్ వంటిల్లు, మత్‌అమ్ భోజనశాల, మఖ్‌బజ్ రొట్టెల బట్టీ, మనకు తెలిసిన మసీదు, మదర్సా. బేకర్ పక్కన బేకరీని పెట్టి చూపిస్తే ఆ చివరి 'రీ' ఏం చేస్తుందో వీరు చిటికెలో పట్టేస్తారు. ఒక మాటనూ దాని నుంచి పుట్టిన రూపాలనూ కలిపి పద కుటుంబం అంటారు. ఆ కుటుంబాల లెక్క ఇక్కడే పనికొస్తుంది. న్యూజిలాండ్‌కు చెందిన పదజాల పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన అంచనా ప్రకారం, నవలనో వార్తాపత్రికనో ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలి. ఒక్కొక్క మాటగా బట్టీ పడితే ఎవరికైనా గుండె జారే సంఖ్య ఇది. ధాతువు పట్టుకుని నడవడం చిన్నప్పుడే వచ్చినవారికి ఇందులో పై సగం కింది సగం కంటే తేలిక. ఈ మేలును చాలామంది ఉపాధ్యాయులు వాడుకోరు. మొదటి రెండు వేల మాటల్లోనే విద్యార్థి అలసిపోయి, పై అంతస్తు చూడకుండానే వెనక్కి పోతాడు.

దీనికి బదులు తరగతి గదుల్లో బాగా చెలామణీ అయ్యేది ఇంకొకటి: ఇంగ్లిష్‌లోకి అరబీ నుంచి వెళ్లిన మాటల పట్టిక. ఆల్‌జీబ్రా, ఆల్కహాల్, కాటన్, కాఫీ, షుగర్, జీరో. వినడానికి గర్వంగా ఉంటుంది. అందులో మన వాటా కూడా ఉంది. షుగర్ వెనక సుక్కర్, దాని వెనక సంస్కృత శర్కర. జీరో వెనక సిఫ్ర్, అది శూన్యానికి అరబ్బులు పెట్టుకున్న పేరు. కానీ నేర్చుకోవడానికి ఈ పట్టిక ఎంత సాయపడుతుందో చూస్తే నిరాశే. మ్యాగజైన్ అనే మాట మఖ్‌జన్ నుంచి వచ్చింది. మఖ్‌జన్ అంటే గోదాము, పత్రికను అరబీలో మజల్లా అంటారు. ఆరెంజ్ వెనక ఉన్నది నారంజ్, మన నారింజకు దగ్గరి చుట్టం. ఇప్పుడు అరబీలో కమలాపండును బుర్తుకాల్ అంటున్నారు, పోర్చుగల్ పేరు మీద. ఇచ్చినవారు పక్కన పెట్టిన మాటను పుచ్చుకున్నవారు దాచుకున్నారు. ఒక పీరియడ్ ఉల్లాసంగా గడపడానికి ఈ పట్టిక మంచిదే. రెండో పీరియడ్‌కు కాదు.

తెలుగువారికి ఉండి అరబ్బులకు అంతగా లేని సౌకర్యం ఒకటుంది. బస్సు, రైలు, కారు, ఫోను, స్విచ్చి, ఫ్రిజ్జు అని వందల ఇంగ్లిష్ మాటలు బడికి వెళ్లకముందే మన నోట్లో ఉంటాయి. ప్రామాణిక అరబీ వీటిని గుమ్మం దగ్గరే ఆపే ప్రయత్నం చేసింది. దమాస్కస్‌లో 1919లో, కైరోలో 1932లో ఏర్పడిన భాషా అకాడమీలు కొత్త మాటలు పుట్టించడాన్ని ఒక పనిగా పెట్టుకున్నాయి. పత్రికలూ రచయితలూ అంతకుముందే ఆ దారిలో ఉన్నారు. కారు సయ్యారా అయింది, ఫ్రిజ్ సల్లాజా అయింది. రైలు కితార్ అయింది. ఆ మాటకు పాత అర్థం ఒకదాని వెనక ఒకటి నడిచే ఒంటెల వరుస. అందమైన పని, సందేహం లేదు. కానీ దానివల్ల పుస్తకాల అరబీ నుంచి ఇంగ్లిష్‌కు వేసుకోదగ్గ వంతెనలు తగ్గాయి.

వీధి మాత్రం అకాడమీ మాట వినలేదు. ఇంగ్లిష్ మాటను తెచ్చుకుని, అచ్చులు ఊడదీసి, హల్లులను తన అచ్చుల్లో పోసుకుంది. గల్ఫ్‌లో పనిచేసిన ప్రతి తెలుగు కార్మికుడికీ తెలిసిన 'ఫన్నష్' ఇందుకు సాక్ష్యం. ఇంగ్లిష్ ఫినిష్ నుంచి ఫ-న-ష తీసి, నడిమి హల్లును ఒత్తి చెబితే 'ఉద్యోగం నుంచి తీసేశాడు' అయింది. తఫ్నీష్ అంటే ఆ తీసివేత. తీసివేతకు గురైనవాడికీ అదే ధాతువు నుంచి ఒక రూపం ఉంది. ఫోన్లలో ఎవరినైనా బ్లాక్ చేస్తే బల్లక్, షేర్ చేస్తే షయ్యర్. అరబీ మనసు ఇంగ్లిష్ మాటలో దేన్ని సరుకుగా భావించి తీసుకుంటుందో, దేన్ని పొట్టుగా చెరిగి పారేస్తుందో ఈ క్రియల్లో తెలిసినంత స్పష్టంగా ఏ ప్రయోగశాలలోనూ తెలియదు.

ఇంతకీ 'అరబీ మాట్లాడేవారు' అంటే ఒకే గుంపు కాదు. 'ఇప్పుడు' అనడానికి పుస్తకాల అరబీలో అల్ ఆన్, మొరాకోలో దాబా, గల్ఫ్‌లో అల్‌హీన్. నోటుపుస్తకంలో ఇంగ్లిష్ మాటకు ఎదురుగా రాసుకునే అర్థం ఇంట్లో మాట్లాడే భాషది కాదు, బడిలో నేర్చుకున్న భాషది. గిడుగు రామమూర్తి పంతులు పోరాడి ఉండకపోతే తెలుగు పిల్లలూ ఇంగ్లిష్ మాటలకు గ్రాంథికంలో అర్థాలు రాసుకుంటూ ఉండేవారు. మొరాకో, అల్జీరియా, ట్యునీసియాల్లో అయితే నడుమ ఫ్రెంచి కూడా ఉంది. అల్జీరియా 2022లోనే ప్రాథమిక బడుల్లో ఇంగ్లిష్ మొదలుపెట్టింది. ఫ్రెంచి వచ్చినవారికి లాటిన్ అంతస్తు తలుపు ముందే తెరిచి ఉంటుంది, కానీ గుమ్మంలో కాలు జారే చోట్లూ ఉంటాయి. అరబీ మక్తబా గ్రంథాలయమూ కావచ్చు, పుస్తకాల దుకాణమూ కావచ్చు. ఫ్రెంచి లిబ్రైరీ దుకాణమే. ఇంగ్లిష్ లైబ్రరీ గ్రంథాలయమే. కాసాబ్లాంకా విద్యార్థి 'లైబ్రరీలో పుస్తకం కొన్నాను' అంటే ఆ ఒక్క వాక్యంలో మూడు భాషలు ఒకదాన్నొకటి తోసుకున్నాయన్నమాట.

మాట వచ్చినా దాని పక్కన ఏ మాట కూర్చోవాలో రాకపోవడం అన్ని భాషలవారికీ ఉన్నదే. ఇక్కడ అరబ్బులూ తెలుగువారూ ఒకే బెంచీ. ఈజిప్టులో సిగరెట్ 'తాగుతారు', మనమూ తాగుతాం, ఇంగ్లిష్‌లో మాత్రం తాగకూడదు. మేక్, డూ అనే రెండింటికీ అరబీలో అమల్ ఒక్కటి సరిపోతుంది, మనకు చేయడం ఒక్కటి సరిపోతుంది. తప్పులూ ఒకేలా ఉంటాయి. హైదరాబాద్‌లోని ఉస్మానియాకో, ఇఫ్లూ అనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయానికో చదువుకోవడానికి వచ్చిన యెమెన్, సూడాన్ విద్యార్థులు, వారి పక్కన కూర్చున్న తెలుగు విద్యార్థులు ఈ తప్పులు చేసినప్పుడు ఒకరికొకరికి తప్పుగా వినిపించవు.

అచ్చుల చిక్కుకు మందు మాటల పట్టిక కాదు, డిక్టేషన్. పాతకాలపు పద్ధతి అని చాలాచోట్ల వదిలేశారు కానీ, విన్న అచ్చును చేత్తో రాయక తప్పని పరిస్థితి కల్పించేది అదే. దానితోపాటు నల్లబల్ల మీద ఇంకొక పని చేయించవచ్చు. ఒక పక్క క-త-బ రాసి, దాని నుంచి వచ్చే మాటలన్నీ చెప్పమంటే ఐదు నిమిషాల్లో బల్ల నిండుతుంది, అన్నీ చుట్టాలే. రెండో పక్క బ-ట అని ఇంగ్లిష్ హల్లులు రెండే రాసి, వాటి మధ్య పట్టే మాటలు చెప్పించాలి: బ్యాట్, బెట్, బిట్, బట్, బీట్, బూట్, బోట్, బైట్, బెయిట్. అన్నీ పరాయివే అని చెప్పబోయే ముందు ఉపాధ్యాయుడు ఒక్క క్షణం ఆగాలి. బైట్ అంటే కరవడం, బిట్ అంటే కరిచాడు. గాలానికి గుచ్చే ఎర బెయిట్, మూలార్థంలో చేప చేత కరిపించేది. నాలుకను కొరికే చేదును బిట్టర్ అనడమూ ఆ మూలం నుంచే. లోపలి అచ్చు మార్చి 'కరవడం' నుంచి 'కరిపించడం' చేయడం ఒకప్పుడు ఇంగ్లిష్ పూర్వికులకూ తెలుసు. ఆ తొమ్మిది మాటల్లో ఈ మూడూ ఒకే ఇంటివని ముందుగా కనిపెట్టేది బహుశా ఆ గదిలోని అరబీ విద్యార్థే.